ముందు డబ్బు, తర్వాత మాట

సంవత్సరానికి నెలలు పన్నెండు అని బళ్ళో నేర్చుకున్నాం. ఫోన్ కంపెనీల పంచాంగంలో మాత్రం పదమూడు. 28 రోజుల ప్యాక్ పదమూడుసార్లు వేయిస్తే 364 రోజులవుతాయి. అప్పటికీ ఏడాదికి ఒక రోజు తక్కువే. మన పంచాంగంలో అధికమాసం రెండున్నర మూడేళ్ళకోసారి వస్తుంది. ఈ పంచాంగంలో ఏటా వస్తుంది. జనం దీని మీద విసుక్కోగా విసుక్కోగా, 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుంది. ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాక్ కనీసం ఒకటి పెట్టాలి, ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునే ప్యాక్ ఇంకొకటి పెట్టాలి అని ఆదేశం ఇచ్చింది. నెలంటే నెలే అని చెప్పడానికి ఒక ప్రభుత్వ సంస్థ గెజెట్‌కి ఎక్కాల్సి వచ్చిందన్నమాట.

ఫోన్ డబ్బులు ఎలా కడతాం అన్న ప్రశ్నకి ఇవాళ జవాబు చాలా చిన్నది. జేబులోంచి ఫోన్ తీసి, ఆ ఫోన్‌తోనే ఆ ఫోన్ డబ్బులు కట్టేస్తాం. అరనిమిషం పని. కానీ గోదావరి జిల్లాల్లో ఈ అరనిమిషం వెనక దాదాపు యాభై ఏళ్ళ తతంగం ఉంది. పోస్టాఫీసు కిటికీ, పసుప్పచ్చ బోర్డు పెట్టుకున్న ఎస్టీడీ బూత్, డ్వాక్రా ఆడవాళ్ళు నడిపిన ఈ-సేవ కౌంటరు, గీకుడు కార్డు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం, ఇప్పుడు యూపీఐ. వీటిని వరసలో పెట్టి చూస్తే, ఏ కాలంలో ఎవరు ఎవర్ని నమ్మారు, ఎవరికి ఎవరు అప్పుపడ్డారు అన్న చరిత్ర బయటికొస్తుంది. ఈ వ్యాసం దాని గురించి.

కట్టడం, వెయ్యడం

మొదట మాటల సంగతి. ల్యాండ్‌లైన్ రోజుల్లో మనం బిల్లు ‘కట్టేవాళ్ళం’. శిస్తు కట్టినట్టు, పన్ను కట్టినట్టు, బళ్ళో ఫీజు కట్టినట్టు. పైనున్నవాడికి బాకీ తీర్చడం అన్న అర్థం ఆ క్రియలో ఉంది. సెల్‌ఫోన్ వచ్చాక రీఛార్జ్ ‘వేయిస్తున్నాం’. ఎడ్లకి మేత వేసినట్టు, పొయ్యిలో పుల్ల వేసినట్టు. వెయ్యకపోతే ఆగిపోతుంది, అంతే. క్రియ మారడంతోటే సంబంధం కూడా మారిపోయింది.

డెల్టావాళ్ళకి ఈ ‘కట్టడం’ కొత్త కాదు. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించాక, కాలవ నీళ్ళకి నీటితీరువా వచ్చింది. ఆ పద్ధతి చూడండి. ముందు నీళ్ళు వదులుతారు, పంట పండుతుంది, జమాబందీలో లెక్క తేలుతుంది, తర్వాత కిస్తుల్లో వసూలు చేస్తారు. వాడుకున్నాక కట్టడం. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే గోదావరి నీళ్ళు పోస్ట్‌పెయిడ్. రైతు దగ్గర డబ్బు ఏడాదికి రెండుసార్లే ఆడుతుంది, సార్వా నూర్చాక ఒకసారి, దాళ్వా నూర్చాక ఒకసారి. కాబట్టి కొట్లో సరుకులు, కూలి, కౌలు, పెళ్ళి ఖర్చు అన్నీ ఆ రెండు తేదీల చుట్టూ తిరిగే అప్పు మీద నడిచేవి. ‘కోతలయ్యాక ఇస్తా’ అన్నది ఇక్కడ ప్రామిసరీ నోటుతో సమానం. అలాంటి చోటికి ఫోన్ వచ్చింది.

పోస్టాఫీసు కిటికీ

మన దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలు 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మొదలయ్యాయి. తర్వాత వందేళ్ళ పాటు అది పట్నం వస్తువు, పెద్ద ఇళ్ళ వస్తువు. ఉత్తరాలూ తంతులూ ఫోన్లూ అన్నీ ఒకే శాఖ కింద ఉండేవి. తపాలా, టెలికాం శాఖలు విడిపోయింది 1985లో. విడిపోయాక కూడా చాలా ఊళ్ళలో ఫోన్ బిల్లు పోస్టాఫీసులోనే తీసుకునేవారు. అంటే మనియార్డరు వచ్చే కిటికీ, ఫోన్ డబ్బులు పోయే కిటికీ ఒకటే.

బిల్లు రెండు నెలలకోసారి వచ్చేది. మీటరు రీడింగు, ఎన్ని కాల్స్ ఉచితం, ఎన్నింటికి ఛార్జీ, అద్దె ఎంత అన్న లెక్కలన్నీ ఉండేవి. ఎవరికి చేశారో మాత్రం ఉండేది కాదు. అందువల్ల బిల్లు వచ్చిన రోజు ఇంట్లో పెద్ద విచారణ. పాలకొల్లు ఎవరు చేశారు, హైదరాబాదు ఎవరు చేశారు, అంతసేపు ఏం మాట్లాడారు అని. ఎస్టీడీకి తాళం వేసుకునే ఇళ్ళు ఉండేవి. డయల్‌కే చిన్న తాళంకప్ప బిగించినవాళ్ళూ ఉండేవారు.

అప్పు ఇచ్చేవాడికి హామీ కావాలి కదా. శాఖ మనల్ని నమ్మి రెండు నెలలు మాట్లాడనిస్తోంది, దానికి డిపాజిట్టు తీసుకునేది. డబ్బున్నవాళ్ళకి ‘ఓన్ యువర్ టెలిఫోన్’ అని ఒక స్కీము ఉండేది. పెద్ద మొత్తం ముందే కడితే వేరే వరసలో, త్వరగా కనెక్షన్. మామూలు వరసలో ఏళ్ళు పట్టేది. పార్లమెంటు సభ్యులకి కనెక్షన్లు సిఫారసు చేసే కోటా ఉండేది. టెలిఫోన్ సలహా సంఘంలో సభ్యత్వం అంటే ఊళ్ళో గౌరవం. కనెక్షన్ వచ్చిందీ అంటే ఆ ఇల్లు నమ్మదగ్గదని ప్రభుత్వమే ముద్ర వేసినట్టు.

ఈ మాట అతిశయోక్తేం కాదు. పాస్‌పోర్టుకి అడ్రసు రుజువుగా ఫోన్ బిల్లు చెల్లేది. కట్టిన రసీదులు గుచ్చి దాచుకునే ఇనపచువ్వ ఒకటి మా ఇంట్లో దూలానికి వేలాడుతుండేది. అందులో కరెంటు బిల్లు, నీటితీరువా రసీదు, ఫోన్ బిల్లు ఒకదాని మీద ఒకటి. అన్నిటి మీదా తాతయ్య పేరే. ఫోన్‌లో ఎక్కువ మాట్లాడేది నాన్నమ్మ, పెదనాన్న పిల్లలు. కానీ కాగితం ప్రకారం మాట్లాడినవాడు తాతయ్య. ఇంట్లో ఎవరు నోరు విప్పినా అది ఆ ఒక్క పేరు మీదే రాసుకునేవారు. భూమి పట్టా ఎవరి పేరునుంటే ఫోనూ వాళ్ళ పేరునే.

భూమి లేనివాళ్ళకి, కాలవగట్టు మీద ఇల్లున్నవాళ్ళకి బిల్లూ లేదు, అడ్రసు రుజువూ లేదు. వాళ్ళకి పీపీ నంబరు ఉండేది. అప్లికేషన్లో ఫోన్ నంబరు రాసి పక్కన బ్రాకెట్లో ‘పీపీ’ అని పెట్టేవారు. అంటే ఫోన్ వేరేవాళ్ళది, కబురు మాది. ఆ కబురు అందాలంటే ఫోనున్న ఇంటివాళ్ళ దయ కావాలి. ‘ఏవండీ, మా వాడు ఫోన్ చేస్తానన్నాడండి’ అంటూ అరుగు మీద కూర్చునేవాళ్ళని చూసిన తరం ఇంకా ఉంది. ఎంత సేపు కూర్చున్నా లోపలికి రమ్మనని ఇళ్ళూ ఉండేవి. కొందరికి ఫోన్ చేతికివ్వకుండా, అవతలివాళ్ళు ఏమన్నారో తామే చెప్పేవారు. ఎందుకివ్వరో ఊళ్ళో అందరికీ తెలుసు. దయకి కులం ఉంటుంది.

పసుప్పచ్చ బోర్డు

ఈ దయ అవసరం లేకుండా చేసింది ఎస్టీడీ బూత్. 1984లో సీ-డాట్ ఏర్పడింది. మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునే చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని వాళ్ళు తయారు చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. శామ్ పిట్రోడా పేరు అందరికీ తెలిసింది అప్పుడే. ఎనభైల చివర్నుంచి పీసీవోలు ఊరూరా పుట్టుకొచ్చాయి. వికలాంగులకి కేటాయింపులో ప్రాధాన్యం ఇవ్వడం వల్ల, ఎంతోమందికి అదే మొదటి సొంత సంపాదన అయింది.

డబ్బు కట్టే పద్ధతిలో బూత్ పెద్ద మార్పు తెచ్చింది. అప్పు లేదు, డిపాజిట్టు లేదు, పేరు లేదు. గాజు తలుపు వేసుకుని మాట్లాడతారు, తలపైన ఎర్రంకెలు తిరుగుతుంటాయి, పెట్టెయ్యగానే చిన్న మిషన్ టకటకమని చీటీ కొడుతుంది. ఆ చీటీలో నంబరు, సమయం, మొత్తం ఉంటాయి. తాతయ్య బిల్లులో లేని వివరం ఈ రెండంగుళాల కాగితంలో ఉండేది. కాకపోతే దాని మీద మాట్లాడినవాళ్ళ పేరుండదు. ఎవరైనా రావచ్చు, డబ్బుంటే చాలు. ఇంట్లోంచి చేయలేని ఫోన్లన్నీ అక్కణ్ణుంచే వెళ్ళాయి. ప్రేమలూ, పోలీసు కేసులూ, చిట్టీపాటల వాయిదాలూ అన్నీ ఆ గాజు తలుపు వెనకే.

రాత్రి రేట్లు తక్కువ. కాస్త పొద్దుపోతే సగం, ఇంకా పొద్దుపోతే పావు రేటు. అందుకే రాత్రి బూత్ ముందు వరస ఉండేది. ఆ వరసలో కువైట్, దుబాయ్, మస్కట్ ఫోన్లకి వచ్చినవాళ్ళుండేవారు. కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ గల్ఫ్‌కి ఇళ్ళలో పనికి వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళే చాలామంది. ఇక్కణ్ణుంచి ఐఎస్డీ చెయ్యడం మోయలేని ఖర్చు. కాబట్టి అక్కణ్ణుంచి బూత్‌కే ఫోన్ వచ్చేది, బూత్ ఆయన మనిషిని పంపి పిలిపించేవాడు, దానికో రెండు మూడు రూపాయలు పుచ్చుకునేవాడు. ఇంటి పెద్ద అరుగు మీద కూర్చుని ఎదురుచూడ్డం కన్నా, ఇచ్చిన రూపాయికి నిలబడి మాట్లాడటంలో ఒక మర్యాద ఉంది. డబ్బు మనుషుల్ని దూరం చేస్తుందని కథల్లో రాసుకుంటాం. అప్పుడప్పుడూ అదే డబ్బు మనిషిని వంగి నిలబడే అవసరం నుంచి తప్పిస్తుంది.

నది ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇంకో చిత్రం. నరసాపురం రేవులో నిలబడితే వశిష్ఠ అవతల సఖినేటిపల్లి కళ్ళకి కనిపిస్తుంది. పంటు ఎక్కితే కొద్ది నిమిషాలు. ఫోన్‌కి మాత్రం అది వేరే జిల్లా, కోడు వేరు. యానాం సంగతి దీనికి తిరగేసి. పరిపాలన పుదుచ్చేరిది, ఫోన్ కోడు మాత్రం కాకినాడది, 0884. ప్రభుత్వాల సరిహద్దులు ఒకలాగ, ఫోన్ లెక్కల సరిహద్దులు ఇంకోలాగ ఉండేవి. దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక్క రూపాయే అని బీఎస్ఎన్ఎల్ ‘వన్ ఇండియా’ ప్లాన్ తెచ్చింది 2006 మార్చిలో. దూరానికి విడిగా వెల కట్టడం అప్పట్నుంచి తగ్గిపోయింది. దూరం కొలుచుకుని మాట్లాడటం అన్న అలవాటే ఇప్పటి పిల్లలకి తెలియదు.

పశ్చిమగోదావరి కౌంటర్లు

ఇక్కడ మన జిల్లాలకే చెందిన ఒక ఘట్టం ఉంది. దాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. బిల్లులన్నీ ఒకేచోట కట్టే కేంద్రాలు హైదరాబాదులో 1999 చివర ‘ట్విన్స్’ పేరుతో ప్రయోగంగా మొదలై, 2001 ఆగస్టులో ఈ-సేవగా మారాయి. కరెంటు, నీళ్ళు, ఫోన్, ఆస్తిపన్ను ఏదైనా ఒకే కౌంటరు. ఏ ఆఫీసుకి ఆ ఆఫీసు, ఏ వరసకి ఆ వరస అన్నది పోయింది. పట్నంలో ఇది ప్రభుత్వం, ప్రైవేటు సంస్థలు కలిసి నడిపిన వ్యవహారం.

2002లో పశ్చిమగోదావరి జిల్లా ఇదే పనిని పల్లెలకి తీసుకెళ్ళింది. అప్పటి కలెక్టరు సంజయ్ జాజు. మండల కేంద్రాల్లో ఇంటర్నెట్‌తో నడిచే కేంద్రాలు పెట్టి, వాటిని నడిపే బాధ్యత డ్వాక్రా మహిళా సంఘాలకి అప్పగించారు. కంప్యూటరంటే హైటెక్ సిటీ అనుకుంటున్న రోజుల్లో, పొదుపు సంఘాల ఆడవాళ్ళు కీబోర్డు ముందు కూర్చుని ఊరి కరెంటు బిల్లులూ ఫోన్ బిల్లులూ కట్టించుకున్నారు. ఒక్కో లావాదేవీ మీద వచ్చే చిన్న రుసుమే వాళ్ళ ఆదాయం.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది టెక్నాలజీ కాదు. ఊళ్ళో మగాళ్ళంతా తమ ఇంటి లెక్క ఒక ఆడమనిషి ముందు పెట్టి, ఆవిడ ఇచ్చిన రసీదు తీసుకుని, చిల్లర లెక్క చూసుకుని వెళ్ళాల్సి వచ్చింది. అంతకుముందు ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థ రద్దు చేసింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత, కనీసం బిల్లుల మేరకైనా, ఊరి లెక్క కొన్నాళ్ళు ఆడవాళ్ళ చేతిలోకి వచ్చింది. ఇలా పెట్టి చూస్తే ఆ కౌంటరు విలువ తెలుస్తుంది.

ఇలాంటి కౌంటరుకి రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. 2011 నవంబరులో మీసేవ వచ్చి, సర్టిఫికెట్లే ఇలాంటి కేంద్రాల్లో ప్రధానమైన పనయ్యాయి. ఇక ఫోన్ బిల్లు సంగతి చూస్తే, అసలు బిల్లు అన్నదే మాయమైపోయింది. ఎందుకంటే ఈలోగా సెల్‌ఫోన్ వచ్చింది.

గీకుడు కార్డు

దేశంలో మొదటి సెల్ కాల్ 1995 జులై 31న. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మొదట్లో రద్దీ వేళ నిమిషానికి 16 రూపాయలు దాటేది, వచ్చిన ఫోన్ ఎత్తినా డబ్బే. మోగుతున్న ఫోన్‌ని చూసి, ఎత్తకుండా, పక్కనున్న బూత్‌కి పరిగెత్తి తిరిగి చేసేవాళ్ళ మీద జోకులుండేవి. ఇన్‌కమింగ్ ఉచితమయింది 2003 మేలో.

అదే ఏడాది జులైలో రిలయన్స్ ‘మాన్‌సూన్ హంగామా’ అని 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టింది. మిగతాది నెల నెలా బిల్లుతో కలిపి కట్టాలి. అంటే లక్షలమందిని ఒక ప్రైవేటు కంపెనీ నమ్మి అప్పిచ్చింది. మళ్ళీ ‘కోతలయ్యాక ఇస్తా’ అన్న లోకం. చాలామంది ఫోన్ తీసుకుని బిల్లు ఎగ్గొట్టారు. కంపెనీ ఆ మొండి బాకీలు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఇండియాలో మామూలు జనానికి పోస్ట్‌పెయిడ్ ఇవ్వాలని పెద్ద ఎత్తున చేసిన ప్రయత్నం అలా ముగిసింది.

గెలిచింది ప్రీపెయిడ్. ఇవాళ దేశంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దాని మీదే ఉన్నారు. డిపాజిట్టు లేదు, సిఫారసు లేదు, భూమి ఉందా అని అడిగేవాడు లేడు. కాలవగట్టు మీద ఇంటికీ నంబరొచ్చింది. బ్రాకెట్లో పీపీ పోయింది. ఈ మేలు చిన్నది కాదు. కానీ దీని షరతు ఒక్కటే, ముందు డబ్బు, తర్వాత మాట. పేదవాణ్ణి నమ్మి మాట అరువివ్వడం కంపెనీ మానేసింది. ఇప్పుడు పేదవాడే, ఇంకా మాట్లాడని మాటలకి, కంపెనీకి ముందుగా డబ్బు అరువిస్తున్నాడు. నెలజీతం ఉన్న ఉద్యోగికి మాత్రం పోస్ట్‌పెయిడ్ ఉంటుంది. అతను వాడుకుని కడతాడు. కూలిపని చేసుకునేవాడు కట్టి వాడుకుంటాడు.

డెల్టా జనం దీనికీ ఒక దారి కనిపెట్టారు. కార్డు మీది వెండిరంగు పొరని రూపాయి బిళ్ళతో గీకే రోజులు పోయి, కొట్టువాడే తన ఫోన్‌లోంచి పది, ఇరవై ‘ఎక్కించే’ రోజులొచ్చాయి. అప్పుడు కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలోకి రీఛార్జ్ కూడా చేరింది. ‘బాబూ, ఓ ముప్ఫై వేసి రాసుకో, సాయంత్రం ఇస్తాను’ అంటే వేసేవాడు. బియ్యం, నూనె, సబ్బు, వాటి కింద ‘సెల్లు 30’. కంపెనీ నమ్మని మనిషిని కొట్టువాడు నమ్మాడు. పైకి ప్రీపెయిడ్, లోపల పోస్ట్‌పెయిడ్. వసూలయ్యేది మళ్ళీ కోతలయ్యాకే, లేకపోతే కువైట్ నుంచి డబ్బొచ్చాకే. కంపెనీలు కూడా తర్వాత పది రూపాయలు అప్పిచ్చి, తర్వాతి రీఛార్జ్‌లో సర్వీసు ఛార్జీతో సహా కోసుకునే ఏర్పాటు పెట్టాయి. కొట్టువాడు మాత్రం వడ్డీ లేకుండా ఇచ్చేవాడు.

అదే కొట్లో ఇంకో బాధ. రీఛార్జ్ వేయించాలంటే నంబరు పైకి చెప్పాలి, పుస్తకంలో రాయాలి. బల్ల మీద కూర్చున్న నలుగురు కుర్రాళ్ళ ముందు తన నంబరు చెప్పడానికి మా చెల్లెళ్ళెవరూ ఇష్టపడేవారు కాదు. తమ్ముణ్ణి పంపేవారు, లేదా కాలేజీ ఉన్న ఊళ్ళో, మొహం తెలియని కొట్లో వేయించుకునేవారు. ఆ భయం ఉత్తిదేం కాదు. రీఛార్జ్ కొట్లలోంచి అమ్మాయిల నంబర్లు అమ్ముకుంటున్నారని 2017లో ఉత్తరప్రదేశ్ నుంచి వార్తలొచ్చాయి. నంబరు చెప్పకుండానే రీఛార్జ్ చేయించుకునే సౌకర్యం వొడాఫోన్ 2018లో ‘సఖి’ పేరుతో ఆడవాళ్ళకోసం తెచ్చింది. తాతయ్య పేరు మీద బిల్లు వచ్చిన రోజుల్లో ఆడవాళ్ళకి నంబరే లేదు. సొంత నంబరు వచ్చాక దాన్ని దాచుకోవడం వాళ్ళ పనయింది.

కొట్టు లేని ఖాతా

తర్వాత కథ మీకు తెలిసిందే. పేటీఎమ్ 2010లో మొదలైంది రీఛార్జ్ సైటుగానే. 2016లో ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో, నవంబరు 8న నోట్ల రద్దు, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చాలామంది ఫోన్‌తో కట్టడం నేర్చుకున్న మొదటి బిల్లు ఫోన్ బిల్లే. అది చిన్న మొత్తం, తప్పు పోయినా నష్టం తక్కువ, ఫలితం వెంటనే తెలుస్తుంది. ఆ నమ్మకంతోనే తర్వాత కరెంటు, గ్యాసు, చేపల బజారు దాకా వెళ్ళాం. అమ్మాయిలు నంబరు చెప్పాల్సిన బాధ తప్పింది. 2020 లాక్‌డౌన్‌లో కొట్లు మూసేసినప్పుడు, హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న పిల్లలు తణుకులో అమ్మానాన్నల ఫోన్‌కి రీఛార్జ్ వేశారు. కువైట్‌లో పనిచేసే తల్లి అమలాపురంలో కూతురి ఫోన్‌కి డేటా వేసి, ఆ డేటా మీదే వీడియోకాల్‌లో కూతుర్ని చూసుకుంటోంది. పిల్ల మొహం చూడ్డానికి కావలసిన ఖర్చు రెండువైపులా ఆవిడే భరిస్తోంది.

పోయింది ఖాతా పుస్తకం. యాప్‌తో ‘రాసుకో, కోతలయ్యాక ఇస్తా’ అనలేం. ఉచితంగా మొదలైన ఈ పద్ధతికి కూడా రుసుము వచ్చింది. ఫోన్‌పే 2021లో యాభై రూపాయలు దాటిన రీఛార్జ్‌ల మీద ఒకటి రెండు రూపాయలు తీసుకోవడం మొదలుపెట్టింది. అప్పట్లో బూత్ ఆయన మనిషిని పంపినందుకు తీసుకున్న రెండు రూపాయలకి ఒక కుర్రాడు సైకిల్ తొక్కేవాడు.

ఇంకొకటి, ఫోన్‌తోనే ఫోన్ డబ్బు కడుతున్నాం కాబట్టి, ఫోన్ ఆగితే రెండూ ఆగుతాయి. 2022 మే 24న అమలాపురంలో, కొత్త జిల్లాకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ అన్న పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన విధ్వంసం తర్వాత, ప్రభుత్వం కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. అది చాలా రోజులు అలాగే ఉండిపోయింది. చేతిలో నోట్లు పెట్టుకోవడం మానేసిన ఊళ్ళు అవి. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ ఉన్న చోటికి ఏరు దాటి వెళ్ళారు. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో స్తంభాలు కూలి ఫోన్లు మూగపోయాయి. అప్పుడు మాట ఆగింది, డబ్బు ఆగలేదు. ఈసారి ఒక్క స్తంభం కూడా పడకుండానే చెల్లింపులు ఆగాయి.

నంబరు ఎవరిది?

2006 ప్రాంతంలో 999 రూపాయలు కడితే ‘జీవితకాలం’ ఇన్‌కమింగ్ అని కంపెనీలు అమ్మాయి. మా వీధిలో ముసలివాళ్ళు చాలామంది కొన్నారు. ఆ జీవితకాలం కంపెనీ లైసెన్సుదని, మనది కాదని చిన్నక్షరాల్లో ఉండేది. 2018 చివర్లో పెద్ద కంపెనీలు 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు వేయించాలన్నాయి. తర్వాత ఆ కనీసం పెరుగుతూ వచ్చింది, 2024 జులైలో రేట్లన్నీ మరోసారి పెరిగాయి. ఫోన్ ఎత్తడానికి మాత్రమే వాడే నాన్నమ్మ కూడా డేటా ఉన్న ప్యాక్ వేయించాల్సి వచ్చింది. 2024 డిసెంబరులో ట్రాయ్ మళ్ళీ కలగజేసుకుని, మాట, మెసేజ్ మాత్రమే ఉన్న ప్యాక్‌లు విడిగా ఇవ్వాలనీ, వాటి గడువు ఏడాది దాకా ఉండొచ్చనీ నిబంధన తెచ్చింది.

గడువు దాటితే పోయేది ఒక్క మాటే అయితే ఇంత రాయనక్కర్లేదు. మా బంధువు ఒకావిడ రెండేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చేసరికి, ఆవిడ ఇక్కడి నంబరు గడువు తీరి వేరే ఎవరికో వెళ్ళిపోయింది. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వెళ్తోంది, ఆధార్ దానితోనే ఉంది. పంపిన డబ్బంతా తన ఖాతాలోనే ఉంది, తీసుకోవాలంటే తాను తానే అని రుజువు చేసుకోవాలి. నాలుగుసార్లు తిరిగితే పని అయింది. 90 రోజులు వాడకపోతేగానీ నంబరు తీసెయ్యకూడదనీ, 20 రూపాయల బ్యాలెన్సుంటే నిలుపుకోవచ్చనీ 2013 నుంచి ట్రాయ్ నిబంధన ఉంది. ఈ సంగతి ఆవిడకి చెప్పినవాళ్ళెవరూ లేరు. ఎస్టీడీ బూత్ ఆయనో, ఖాతా పుస్తకం రాసే కొట్టువాడో ఉండుంటే, ‘అమ్మగారు వచ్చేదాకా ఓ ఇరవై వేసి ఉంచండి బాబూ’ అని ఇంట్లోవాళ్ళకి చెప్పేవాడేమో.

ఒకప్పుడు కట్టిన బిల్లు మనం ఫలానా ఇంట్లో ఉంటున్నామని రుజువు. ఆ రసీదు ఇనపచువ్వకి గుచ్చితే ఇరవై ఏళ్ళయినా పనికొచ్చేది. ఇప్పుడు రుజువు నంబరే, దానికి 28 రోజుల ఆయుర్దాయం. నంబరుని ఇంటి అడ్రసంత అవసరం చేసినప్పుడు, దాన్ని నిలుపుకునే పద్ధతి కూడా ఇంటిపన్నులాగే ఉండాలి కదా. కట్టడం ఆలస్యమైతే అపరాధ రుసుము వేస్తారు, నోటీసు ఇస్తారు, అంతేగానీ మూడు నెలలు తాళం వేసి ఉందని ఇల్లు ఇంకొకరికి రాసివ్వరు.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. గల్ఫ్‌లోనో ఇంకెక్కడో ఉన్న మీవాళ్ళ నంబరు ఇక్కడ ఏదైనా మూలపడి ఉంటే, దాని గడువు ఎప్పటిదాకా ఉందో ఒకసారి చూడండి. ఏడాది ప్యాక్ ఒకటి వేయించి, తేదీ గోడ మీది క్యాలెండర్లో రాసిపెట్టండి, పాలవాడి లెక్క రాసుకుంటాం చూడండి, ఆ పక్కనే.